మమకార ముద్ర పథకం

వృక్ష గణన మండలి కమిషనరు గారు ఒక కొండ ఊళ్ళో శిక్షణ శిబిరానికి వెళ్ళి, వస్తూ వస్తూ ఒక శాలువా, ఒక జ్ఞాపిక, ఒక సిద్ధాంతం తెచ్చుకున్నారు. శాలువా ఇంట్లో ఇచ్చారు. జ్ఞాపిక ఆఫీసు బల్ల మీద పెట్టుకున్నారు. సిద్ధాంతాన్ని ఎక్కడ పెట్టాలో తోచక రాష్ట్రమంతటికీ పంచేశారు.

ఆ సిద్ధాంతం వినడానికి బాగానే ఉంటుంది. మనిషి తన పేరున్న వస్తువుని ప్రాణంగా చూసుకుంటాడట, పేరు లేనిదాన్ని పట్టించుకోడట. చెట్లు లెక్కపెట్టమని సిబ్బందికిచ్చిన ట్యాబులు పగిలినా, కాలవలో పడినా, ఒకచోట మేక నమిలేసినా, అన్నిటికీ కారణం వాటి మీద ఎవరి పేరూ లేకపోవడమేనని ఆయన తేల్చారు. కాబట్టి ప్రతి ట్యాబు వెనకా దాన్ని వాడే ఉద్యోగి పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా, చెరగని విధంగా చెక్కించాలి. దీనికి 'మమకార ముద్ర పథకం' అని నామకరణం జరిగింది. ట్యాబు ఉన్నచోటే ఉద్యోగి ఉండాలి, ఉద్యోగి ఉన్నచోటే ట్యాబు ఉండాలి, ఇరువురినీ ఎట్టి పరిస్థితిలోనూ విడదీయరాదు అని అందులో ఒక నిబంధన కూడా ఉంది. పెళ్ళి మంత్రాల్లో కూడా అంత గట్టిగా రాయలేదు.

విజయనగరం జిల్లా కార్యాలయంలో ఈ పథకం అమలు భారం డిప్యూటీ డైరెక్టరు సత్యనారాయణ గారి మీద పడింది. పడింది అనకూడదు, ఆయనే రెండు చేతులా ఎత్తుకున్నారు. పై నుంచి కాగితం వస్తే చదివి పక్కన పెట్టే మనిషి కాదాయన. దాన్ని ఇంకో నాలుగడుగులు ముందుకి తీసుకెళ్ళి గాని వదలరు. చెక్కడం ఎవరికి వచ్చునని విచారించి, గంటస్తంభం దగ్గర స్టీలు కొట్లో గిన్నెల మీద పేర్లు వేసే అతన్ని మిషనుతో సహా పిలిపించారు. అతను రెండు రోజులు కూర్చుని అందరి ట్యాబుల మీదా పేర్లు వేశాడు. చేయి తిరిగిన మనిషి కావడంతో, అలవాటు కొద్దీ ప్రతి పేరు కిందా తేదీ, పక్కన ఒక పువ్వు కూడా వేశాడు. ఒకరి ట్యాబు మీద 'వివాహ సందర్భమున' అని మొదలుపెట్టేసి నాలిక కరుచుకున్నాడు. ఆ ట్యాబు తాలూకు ఉద్యోగికి అప్పటికింకా పెళ్ళి కాలేదు.

ఆ వరసలో నిలబడినవాళ్ళలో పొట్నూరు ఇందీవరాక్షి ఒకతె. ఫీల్డు అసిస్టెంటు. తాడిచెట్లూ జీడిచెట్లూ లెక్కపెట్టి ట్యాబులో ఎక్కించడం ఆమె పని. నాటకాల పిచ్చి ఉన్న తండ్రి ముచ్చటపడి పెట్టుకున్న ఆ పేరు పుట్టిన దగ్గర్నుంచీ ఏ కాగితం మీదా సవ్యంగా పడలేదు. ఒకచోట ఇంద్రవరలక్ష్మి, ఇంకోచోట ఇందువదన, కరెంటు బిల్లులో అయితే మొగపేరే వేసేశారు. అలాంటిది ట్యాబు వెనక తన పేరు మూడు వరసల్లో నిండుగా, పువ్వుతో సహా మెరుస్తూ కనిపించేసరికి ఆమెకి నిజంగానే సంతోషం వేసింది. కమిషనరు గారి సిద్ధాంతంలో ఏదో ఉందని కూడా అనుకుంది. పాపం, అప్పటికి ఆమెకేం తెలుసు.

ఆమె బాధ వేరే ఉంది. ఉద్యోగం విజయనగరంలో, కాపురం పలాసలో. భర్త తవిటినాయుడుకి అక్కడ జీడిపిక్కల వ్యాపారం. ఆమె ఇక్కడ హాస్టల్లో సాంబారుతో సర్దుకుపోతూ, శనివారం సాయంత్రం రైలెక్కి పలాస వెళ్ళి, ఆదివారం సాయంత్రం అదే ముఖంతో తిరిగొస్తుంది. మొగుడూ పెళ్ళాం తీరిగ్గా దెబ్బలాడుకోవడానికి కూడా వీల్లేదు. మొదలుపెట్టేసరికి రైలు టైమయ్యేది. పలాసకి బదిలీ అడిగి అడిగి ఆమె నోరు నొప్పెట్టింది. చివరికి ఎవరి చల్లని చూపో పడి బదిలీ ఉత్తర్వు వచ్చింది. నెలాఖరులోగా పలాసలో చేరాలి, చేరకపోతే ఉత్తర్వు రద్దు.

సరిగ్గా అదే వారం ట్యాబుల కంపెనీ మనిషి వచ్చాడు.

పాత ట్యాబులు ఇచ్చి, తేడా కట్టి, కొత్తవి తీసుకునే ఒప్పందం అది. టై కట్టుకున్న ఆయన ఒక్కొక్క ట్యాబునీ తిప్పి, వెనక చూసి, తల అడ్డంగా ఊపి పక్కన పెట్టడం మొదలుపెట్టాడు.

"మెషిన్లు బాగానే ఉన్నాయి సార్. కానీ పేర్లు చెక్కేశారు. ఇంకొకరి పేరున్న ట్యాబుని ఎవరు కొంటారు? సగం ధర కూడా రాదు," అన్నాడు.

సూపరింటెండెంటు సన్యాసిరావు గారు ఊరుకోలేదు. "అదేటి బాబూ అలగంటావు? మా తాత పేరున్న ఇత్తడి బిందె కొట్లో ఏస్తే తూకానికి తీసుకున్నాడు. పేరుందని తరుగేటీ తియ్యలేదు."

"అయితే వీటిని కూడా తూకానికే ఇస్తారా సార్?" అన్నాడు కంపెనీ మనిషి వినయంగా.

సన్యాసిరావు గారు ఒక ట్యాబుని అరచేతిలో పెట్టి బరువు చూసి, మెల్లగా మళ్ళీ బల్ల మీద పెట్టేశారు.

సత్యనారాయణ గారు ఆ మధ్యాహ్నం భోజనానికి కూడా లేవకుండా ఆలోచించి సర్క్యులర్ తయారు చేశారు. మారకపు విలువ తగ్గుటకు కారణము పేరు. పేరు ఉద్యోగి సొంతము. కావున నష్టము ఉద్యోగి వ్యక్తిగతము. ఎవరి ట్యాబును వారే పూర్తి విలువకు మారకము చేయించి, తత్సంబంధ ధ్రువీకరణ పొందిన పిమ్మటనే బదిలీపై వెళ్ళుటకు అర్హులు.

ఇందీవరాక్షి ఆ సర్క్యులర్ రెండుసార్లు చదువుకుంది. ట్యాబు పట్టుకుని ఆయన గదిలోకి వెళ్ళింది.

"నా పేరు నేనేటీ చెక్కించుకోలేదండి. ఆఫీసే చెక్కించింది కదండీ."

"చెక్కుడు మండలిది, కాదనను. కానీ పేరును సరఫరా చేసింది తమరు," అన్నారు సత్యనారాయణ గారు. "చిన్న పేరు సరఫరా చేసి ఉంటే నష్టం కూడా చిన్నదై ఉండేది. మూడు వరసలు సరఫరా చేశారు."

"పోనీ అరగదీయించేస్తానండి."

"చెరగని విధంగా చెక్కవలెనని ఉత్తర్వు. చెరిపినచో ఉత్తర్వును ధిక్కరించినట్టు. చెరగకపోయినచో తమకు లాభం లేదు. ఎటు చూసినా చెరపడం శ్రేయస్కరం కాదమ్మా."

ఆమె బయటికొచ్చి మెట్ల మీద కూలబడింది. నెలాఖరు ముంచుకొస్తోంది. తవిటినాయుడు అక్కడ ఇంటికి సున్నం వేయిస్తున్నాడు, కొత్త మంచం కూడా కొన్నాడు. అతనికి ఫోన్లో ఏమని చెప్పాలో ఆమెకి తెలియలేదు.

మర్నాడు ఒక వింత జరిగింది. ఆమెతో పనిచేసే పైడిరాజు ఈల వేసుకుంటూ ఆఫీసుకొచ్చాడు. తన ట్యాబు పూర్తి విలువకి కాదు, ఇంకా పైకే అమ్మేశానన్నాడు. ఎవరూ నమ్మలేదు.

"మా ఈధిలో పైడిరాజులెంతమందో మా అమ్మకే తెలీదండి," అని చెప్పుకొచ్చాడు అతను. విజయనగరంలో పైడితల్లమ్మ పేరు పెట్టుకోని ఇల్లు వెతికినా దొరకదు మరి. "పాన్‌షాపు పైడిరాజు తీసుకుంటానన్నాడు. ఈలోగా మా పెదనాన్న కొడుకు పైడిరాజొచ్చి, నా పేరున్న ట్యాబు ఆడికెలగ ఇచ్చేస్తావురా అని లగెత్తుకొచ్చాడు. ఇద్దరూ పంతానికి పోయారు. ఇంకో పైడిరాజు మేడమీంచి కేకేసి పాట పెంచాడు. పేరు రెడీగా ఉంది, పువ్వు కూడా ఉంది, ఇంకేటి కావాలండి ఆళ్ళకి?"

సత్యనారాయణ గారు ఈ మాట విని కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. జ్ఞానోదయం అయిన మనిషి కూర్చుని ఉండలేడు కదా.

"మమకార ముద్ర వల్ల విలువ తగ్గుతుందన్నది అపోహ," అని ఆయన సిబ్బంది సమావేశంలో ప్రకటించారు. "బలమైన పేరు చెక్కితే విలువ పెరుగును. బలహీనమైన పేరు చెక్కితే తరుగును. లోపం పథకంలో లేదు, పేర్లలో ఉంది. తక్షణం జిల్లాలోని పేర్ల బలాబలాలు శాస్త్రీయంగా తేల్చవలసి ఉన్నది."

శాస్త్రీయంగా తేల్చే పని సన్యాసిరావు గారికి అప్పగించారు. ఆయన పాపం చేతి మైకు పట్టుకుని బస్సు కాంప్లెక్సులో నిలబడి, ఒక్కొక్క పేరే గట్టిగా పిలిచి, ఎన్ని తలలు తిరిగాయో లెక్క వేయించారు. 'పైడిరాజూ' అంటే ఒక ప్లాట్‌ఫారం మొత్తం తిరిగింది. 'అప్పలనాయుడూ' అంటే ఇద్దరు డ్రైవర్లు బ్రేకు వేశారు. 'సింహాచలం' అంటే ఆడామగా ఇద్దరూ పలికారు. 'సత్యనారాయణా' అన్నప్పుడు వచ్చిన స్పందన చూసి డిప్యూటీ డైరెక్టరు గారికి ఆనందం ఆగలేదు.

"ఇందులో నా ప్రమేయం ఏమీ లేదు. అంతా తల్లిదండ్రుల దూరదృష్టి," అన్నారు ఆయన తల వంచుకుని.

చివర్లో సన్యాసిరావు గారు గొంతు సవరించుకుని "ఇందీవరాక్షీ!" అని పిలిచారు. కాంప్లెక్సంతా నిశ్శబ్దం. ఒక కండక్టరు మాత్రం దగ్గరికొచ్చి, "అదే ఊరండీ? మా రూట్లో లేదు," అన్నాడు.

దాంతో 'నామ విలువ సూచిక' వెలువడింది. ప్రథమ శ్రేణిలో సత్యనారాయణ, పైడిరాజు, అప్పలనాయుడు, సింహాచలం. ద్వితీయ శ్రేణిలో మరికొన్ని. అట్టడుగున ఒక గీత గీసి, దాని కింద ఇందీవరాక్షి. ఎదురుగా 'విలువ శూన్యము' అని రాసి, నోటీసు బోర్డుకి అంటించారు. దారిన పోయేవాళ్ళు ఆగి చదివి, ఆమెని చూసి జాలిపడి వెళ్ళేవాళ్ళు. ఆమెకి ఒళ్ళు మండిపోయేది.

సత్యనారాయణ గారు అక్కడితో ఆగితే ఆయన సత్యనారాయణ గారే కాదు. కొత్త ట్యాబులు వచ్చీ రాగానే ఇంకో సర్క్యులర్ వచ్చింది. భవిష్యత్ నష్ట నివారణార్థము కొత్త ట్యాబులపై ప్రథమ శ్రేణి పేర్లు మాత్రమే చెక్కబడును. మమకార సూత్రము భంగపడకుండుటకై, ఏ ట్యాబుపై ఏ పేరు ఉన్నదో సదరు ఉద్యోగి ఆఫీసు వేళలలో ఆ పేరుకే పలుకవలెను.

స్టీలు కొట్టు అతను మళ్ళీ వచ్చాడు. ఈసారి అతనికి పని సులువైపోయింది. సాయంత్రానికల్లా ఆఫీసులో సగం మంది పైడిరాజులయ్యారు, మిగతా సగంలో అప్పలనాయుళ్ళు, ఆడవాళ్ళందరూ సింహాచలాలు. ఇందీవరాక్షి కూడా ఆఫీసు వేళల్లో సింహాచలమే. సన్యాసిరావు గారు పొద్దున్నే హాజరు పిలిచేటప్పుడు 'పైడిరాజు' అనగానే వచ్చినవాళ్ళంతా 'ఉన్నానండి' అనేవాళ్ళు. రానివాళ్ళ తరఫున కూడా ఎవరో ఒక పైడిరాజు పలికేవాడు. జిల్లాలో హాజరు ఒక్కసారిగా నూటికి నూరు శాతానికి చేరింది. కమిషనరు గారి దగ్గర్నుంచి అభినందన వచ్చింది. అసలు పైడిరాజు మాత్రం తనని ఎవరూ ప్రత్యేకంగా పిలవడం లేదని చిన్నబుచ్చుకుని రెండు రోజులు ఆఫీసుకి రాలేదు. రాలేదన్న సంగతి ఎవరికీ తెలియనూ లేదు.

ఇంత జరిగినా ఇందీవరాక్షి పాత ట్యాబు అలాగే ఉంది. పేరు మారింది ఆమెకి గాని, ట్యాబుకి కాదు. దాన్ని పూర్తి విలువకి కొనాలంటే ఇంకో ఇందీవరాక్షి కావాలి. ఆమె ఓటర్ల జాబితాలు తిరగేసింది. కాలేజీల్లో కనుక్కుంది. తెలిసిన ప్రతి మనిషినీ అడిగింది. అవతల తవిటినాయుడు అంతకన్నా పెద్ద ప్రయత్నమే మొదలుపెట్టాడు. ఇందీవరాక్షి దొరక్కపోతే తయారు చేయించుకుందామన్నాడు.

"పలాసలో ఎక్కడ బారసాల జరిగితే అక్కడికి ఎల్లిపోతన్నాను ఇందూ," అన్నాడు ఫోన్లో. "జీడిపప్పు సంచీ ఒకటి పట్టుకెల్లి, ఆడపిల్లయితే ఈ పేరెట్టండి బాబూ అని బతిమాల్తన్నాను."

"ఏటన్నారు మరి?"

"ఒక మామ్మ అంది, ఆ పేరు పూర్తిగా పిలిచేలోగా పొయ్యి మీద పాలు పొంగిపోతాయి నాయినా అని. పప్పు మాత్రం తీసుకుంది."

నాలుగో బారసాలలో అతని పంట పండింది. పిల్ల తండ్రి ఒప్పుకున్నాడు, పంతులు గారు బియ్యంలో పేరు రాయించేశారు. తవిటినాయుడు సంబరంగా, ఆ పేరు పెట్టినట్టు పంతులు గారు రాసిచ్చిన ధ్రువపత్రం పట్టుకుని తెల్లారి రైలుకే విజయనగరం వచ్చేశాడు. ఇందీవరాక్షి అతన్ని తీసుకుని సత్యనారాయణ గారి గదిలోకి పరిగెత్తింది.

ఆయన కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి నిట్టూర్చారు. "సమనామ కొనుగోలుదారు లభ్యమగుట హర్షణీయం. కానీ కొనుగోలుదారు ఉయ్యాలలో ఉన్నారు. మైనరుతో మండలి క్రయవిక్రయాలు జరపదు. ఆమెకు పద్దెనిమిదేళ్ళు నిండిన పిమ్మట ఈ విషయం సానుకూలంగా పరిశీలిస్తాం."

తవిటినాయుడు బయటికొచ్చి, "మీ ఆఫీసులో మనుషులుంటారా, లేకపోతే ఇంకేటైనా ఉంటారా?" అన్నాడు.

"పైడిరాజులుంటారు," అంది ఆమె. ఇద్దరూ నవ్వారు. అతన్ని రైలెక్కించి ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాక మాత్రం ఆమెకి ఏడుపు ఆగలేదు. తన పేరు మీద తనకే కోపం వచ్చింది. పెట్టిన తండ్రి మీద కూడా వచ్చింది గాని, ఆయన ఆ పేరుని రాగం తీసి పిలిచే పద్ధతి గుర్తొచ్చి కోపం నిలవలేదు. పేరులో తప్పేముంది? ఇంతకాలం ఎవరికీ అక్కర్లేని ఆ పేరుకి వీళ్ళెవరు ధర కట్టడానికి? కళ్ళు తుడుచుకుని, హాస్టలుకి నడుస్తూ నడుస్తూ ఆ సర్క్యులర్లన్నీ మనసులో ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసుకుంది. సగం దారిలో ఆమె నడక మెల్లగా అయింది. ఆ రాత్రి హాస్టలు సాంబారు కూడా బాగానే ఉన్నట్టనిపించింది.

నెలాఖరు రోజున పాత ట్యాబు చేత్తో పట్టుకుని సత్యనారాయణ గారి ముందు నిలబడింది.

"చిన్న సందేహమండి. బదిలీ ఉత్తర్వు ఎవరి పేరు మీద ఉందండీ?"

"పొట్నూరు ఇందీవరాక్షి పేరు మీద."

"నేను ఆఫీసు వేళల్లో ఎవర్నండీ?"

"సింహాచలం. అందులో సందేహమేముంది?"

"అయితే ఈ ఆఫీసులో ఇందీవరాక్షి ఎవరండీ?"

సత్యనారాయణ గారు హాజరు పట్టీ తిరగేశారు. గోడల వంక చూశారు. బయట హాల్లో ఉన్న పైడిరాజుల వంక, అప్పలనాయుళ్ళ వంక చూశారు. చివరికి ఆయన చూపు బల్ల మీది ట్యాబు మీద ఆగింది. మూడు వరసల్లో పేరు, పక్కన పువ్వు.

"సన్యాసిరావు గారూ!" అని కేక పెట్టారు.

సన్యాసిరావు గారు పరిగెత్తుకొచ్చారు.

"ఎంత ప్రమాదం తప్పింది! ప్రభుత్వ ఉత్తర్వు ఇందీవరాక్షిని పలాస బదిలీ చేసింది. ఈ కార్యాలయంలో ఆ పేరు గలది ఈ ట్యాబు ఒక్కటే. దీనిని నేటి సాయంత్రంలోగా రిలీవు చేయకపోతే ఉత్తర్వును తొక్కిపెట్టిన దోషం మనకు చుట్టుకుంటుంది."

"ట్యాబునేటండీ రిలీవు చేసేది?" అన్నారు సన్యాసిరావు గారు.

"ఉత్తర్వులో మనిషి అని ఎక్కడైనా ఉందా? పేరు మాత్రమే ఉంది."

సన్యాసిరావు గారు ఉత్తర్వు తెచ్చి చదివారు. నిజమే, లేదు. "ఒక్కత్తే ఎలగెల్తదండీ మరి? కాళ్ళు లేవు కదా," అన్నారు. అప్పటికే ఆయన ట్యాబుని ఆడమనిషిని అన్నట్టు అనడం మొదలుపెట్టారు.

ఇందీవరాక్షి ఏమీ ఎరగనట్టు, "ట్యాబునీ వాడే ఉద్యోగినీ విడదీయకూడదని పథకంలో ఉంది కదండీ," అంది.

"నా నోటి దగ్గర మాట అన్నావమ్మా," అన్నారు సత్యనారాయణ గారు. వెంటనే ఉత్తర్వు చెప్పి రాయించారు. సింహాచలం అను ఉద్యోగిని, ఇందీవరాక్షి అను ట్యాబు వెంట పలాస వెళ్ళి, సదరు ట్యాబును పలాస కార్యాలయము వారు లాంఛనంగా స్వీకరించు వరకు అచ్చటనే ఉండవలెను. ఇది బదిలీ కాదు, అధికారిక పర్యటన. కావున ప్రయాణ భత్యము, దినభత్యము చెల్లించబడును.

ఆమె ఆ సాయంత్రం రైల్లో కిటికీ పక్కన కూర్చుని, చుట్టుపక్కలవాళ్ళు ఏమనుకుంటారో అని కూడా చూసుకోకుండా నవ్వుతూనే ఉంది.

పలాస కార్యాలయంలో బృందావతి గారని ఒక అధికారిణి ఉన్నారు. పద్ధతి తెలిసిన మనిషి. ట్యాబుని చూశారు, దానితో పాటు వచ్చిన నామ విలువ సూచిక తీసి చూశారు, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశారు.

"దీని ఇలువ శూన్యమని ఉందే! శూన్యం ఇలువున్న వస్తువుని తీసుకోడానికి మాకు రూలేదీ లేదమ్మా. రేపొద్దున్న ఆడిటువాళ్ళు, ఏటి పుచ్చుకున్నావని అడిగితే నేనేటి చెప్పాలి? ఇలువ కట్టించి తీసుకురా."

విలువ కట్టే కమిటీ విజయనగరంలో ఉంది. ట్యాబు ఎదురుగా లేకుండా కమిటీ విలువ కట్టదు. పలాస వాళ్ళు స్వీకరించకుండా ట్యాబు పలాస దాటడానికి వీల్లేదు. విలువ కట్టకుండా పలాస వాళ్ళు స్వీకరించరు. ఈ సంగతి బృందావతి గారు విజయనగరానికి రాశారు, విజయనగరం వాళ్ళు కమిషనరు గారికి రాశారు, కమిషనరు గారు ఇంకో శిక్షణ శిబిరంలో ఉన్నారు.

ఇందీవరాక్షి రోజూ పొద్దున్నే ట్యాబుని తీసుకుని పలాస ఆఫీసుకి వెళ్ళి, "స్వీకరిస్తారాండీ?" అని అడుగుతుంది. "ఇంకా లేదమ్మా," అంటారు బృందావతి గారు. ఆ తర్వాత ఎలాగూ వచ్చింది కదా అని పలాస చుట్టుపక్కల జీడితోటల్లో చెట్లు లెక్కపెట్టి, చీకటి పడకముందే ఇంటికి వచ్చేస్తుంది. పెళ్ళయిన ఇన్నేళ్ళకి మొగుడూ పెళ్ళాం మొదలుపెట్టిన దెబ్బలాట పూర్తి చేసుకుని, రాజీ కూడా పడుతున్నారు. ఆమెకి అదే పండగలా ఉంది.

"ఎప్పుడెల్లిపోవాలి మళ్ళీ?" అని తవిటినాయుడు మొదట్లో భయం భయంగా అడిగేవాడు.

"నాకు ఇలువ ఒచ్చినప్పుడు," అనేది ఆమె.

"రాకుండా సూడమని ఆ అమ్మవారికి దండం పెట్టుకుంటాను," అనేవాడు అతను.

ఇలాంటి సంగతి ఎంతకాలం దాగుతుంది? ఒకనాడు అసలు పైడిరాజు ఫోన్ చేశాడు. ఆఫీసంతా అల్లకల్లోలంగా ఉందన్నాడు. ఇల్లు ఒకచోటా ఉద్యోగం ఒకచోటా ఉన్నవాళ్ళంతా మేలుకున్నారట. ప్రథమ శ్రేణి పేర్లు మాకొద్దు, ఎవరూ కొనని పేరు చెక్కించి ఆ ట్యాబు వెంట మమ్మల్ని మా ఊరికి పంపండి అని వరస కట్టారట. సాలూరు అతను 'హర్యక్షుడు' పట్టేశాడు. సోంపేట ఆవిడ ఎక్కడో పురాణంలోంచి 'క్రౌంచికాదేవి' తెచ్చుకుంది. అట్టడుగు గీత కింద చోటు కోసం సిఫార్సులు నడుస్తున్నాయి. స్టీలు కొట్టు అతను గిన్నెల బేరం మానేసి ఆఫీసు మెట్ల దగ్గరే మిషను పెట్టుకున్నాడు.

"మా ఇల్లు ఇక్కడే కాబట్టి నాకు బెంగ లేదు గాని," అన్నాడు పైడిరాజు, "మళ్ళీ పైడిరాజంటే నేనొక్కణ్ణే పలుకుతున్నానండి. అదొక్కటే చాలు."

ఆ మరుసటి వారం, మధ్యాహ్నం వేళ ఆమె జీడితోటలో ఉండగా మళ్ళీ ఫోన్ మోగింది. చూస్తే సత్యనారాయణ గారు. ట్యాబుకి విలువ వచ్చేసిందేమోనని భయపడుతూ, "చెప్పండి సార్," అంది.

"అమ్మా, ఇందీవరాక్షీ," అన్నారు ఆయన. సింహాచలం అనలేదు. గొంతులో సర్క్యులర్లు లేవు. "అన్నం తిన్నావా?"

"తిన్నానండి."

"మంచిదమ్మా. ఏం లేదు... మా ఇల్లు రాజమండ్రిలో అమ్మా. మా ఆవిడా పిల్లలూ అక్కడే ఉంటారు. నేనిక్కడ లాడ్జి గదిలో ఉంటున్నా. పెద్దమ్మాయి టెన్తుకొచ్చేసింది, ఎప్పుడొచ్చిందో కూడా నాకు సరిగ్గా తెలీదు."

"అయ్యో, మాకెప్పుడూ చెప్పలేదేటండీ?" అంది ఆమె.

"చెప్పడానికి ఏ ఫారంలోనూ కాలమ్ లేదు కదమ్మా. నా ట్యాబు బయట పెడితే చాలు, ఎగరేసుకుపోతారు. పొద్దున్నుంచీ ఇద్దరు సత్యనారాయణలు గుమ్మం దగ్గరే కూర్చున్నారు, ఇంత ఇస్తామంటే ఇంత ఇస్తామని." ఆయన గొంతు తగ్గించారు. "నీకు తెలిసి ఎవరూ పెట్టుకోని పేరు ఇంకోటి ఏదైనా ఉందా తల్లీ? ఎంత పొడుగైనా పర్లేదు."

ఇందీవరాక్షి జీడిచెట్టు నీడలో నిలబడి కాసేపు ఆలోచించింది. ఆయన మీద ఇన్నాళ్ళుగా ఉన్న కోపం ఎక్కడ పెట్టిందో వెతుక్కుంది గాని దొరకలేదు.

"ఒకటుందండి," అంది. "కాకపోతే ఆడపేరు. పర్లేదాండీ?"

"రాజమండ్రిలో దిగాక ఏ పేరైతే ఏమిటమ్మా," అన్నారు సత్యనారాయణ గారు. "చెప్పు, రాసుకుంటాను."